నవ్వించే మనిషి మనోళ్ళే అయితే: జానా ష్మీడింగ్ గురించి కొన్ని మాటలు



ఈసారి పోస్టు పోడు పట్టాల గురించి కాదు, ఆగిపోయిన స్కాలర్‌షిప్‌ల గురించి కూడా కాదు. అమెరికాలో ఒక టీవీ కామెడీ నటి గురించి. పేరు జానా ష్మీడింగ్. ఇంటిపేరు చూసి ఎవరో తెల్లావిడ అనుకోవద్దు. ఆమె లకోటా ఆదివాసీ, చెయెన్ రివర్ సూ తెగ మనిషి. మేం నలుగురం, ఒకే హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాళ్ళం. చింతూరు వైపు నుంచి ఒక కోయ, ఒక కొండరెడ్డి, పార్వతీపురం వైపు నుంచి ఇద్దరు జాతాపులు. ఆమె నటించిన రెండు సీరియళ్ళు కలిసి చూశాం, చూసిన తర్వాత చాలా రోజులు వాదించుకున్నాం. ఆ వాదనల్లోంచి తేలిన మాటలే ఇవి. కొంచెం పొడుగుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఒక మాట దగ్గర ఆగాలి. "రిజర్వేషన్" అంటే మనకి సీటు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు మన మొహం మీదే అనే మాట. అమెరికాలో అదే మాటకి అర్థం భూమి. ఆదివాసీల నేలంతా లాక్కుని, ఒప్పందాలు రాయించుకుని, చివరికి "ఇదిగో మీ హద్దు" అని వదిలిన ముక్కని అక్కడ రిజర్వేషన్ అంటారు. 2021 నాటికి అక్కడి కేంద్ర ప్రభుత్వం గుర్తించిన తెగలు 574. ఒక్కో తెగకీ సొంత కౌన్సిల్, సొంత చట్టాలు, చాలా చోట్ల సొంత కోర్టులు ఉంటాయి. మన ఐదో షెడ్యూలు, 1/70 చట్టం, గ్రామసభ గురించి చదివినవాళ్ళకి ఇది పూర్తిగా కొత్త సంగతి అనిపించదు. ఎంత కాగితం మీద ఉందో, ఎంత నేల మీద ఉందో అనే తేడా కూడా మనకి తెలిసిందే.

జానా వాళ్ళ తెగ రిజర్వేషన్ దక్షిణ డకోటా రాష్ట్రంలో, మిస్సోరి నది పక్కన ఉంది. ఆ నది మీద 1948లో ఓహే ఆనకట్ట పని మొదలుపెట్టారు, 1962లో కరెంటు తీయడం మొదలైంది. ఆ ఆనకట్ట కింద చెయెన్ రివర్ తెగ భూమి లక్ష ఎకరాలకు పైగా మునిగిపోయింది. మునిగింది గట్టు మీది బీడు కాదు. నది ఒడ్డున పంట పండే నేల, కట్టెలు దొరికే అడవి, పండ్లూ మందు మొక్కలూ దొరికే చోటు. తెగ కార్యాలయం, ఆస్పత్రి ఉన్న ఊరే మునిగిపోతే వాటిని ఎత్తుగా, గాలి తప్ప ఏమీ లేని మైదానంలో ఈగిల్ బ్యూట్ అనే చోటికి మార్చారు. ఇది చదివినప్పుడు మాలో కొండరెడ్డి తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ మేనత్త ఊరు పోలవరం ముంపులో ఉంది. పునరావాస కాలనీ ఇళ్ళ మధ్య చింతచెట్టు ఒక్కటీ లేదని వాళ్ళ అత్త ఎప్పుడూ అంటుంది.

అయితే జానా పెరిగింది రిజర్వేషన్‌లో కాదు. అక్కడికి చాలా దూరంగా, ఒరెగాన్ రాష్ట్రంలో కాన్బీ అనే చిన్న ఊళ్ళో. ఒరెగాన్ యూనివర్సిటీలో నాటకాలు చదువుకుంది. తర్వాత న్యూయార్క్ వెళ్ళి దాదాపు పదేళ్ళు టీచరుగా పనిచేసింది. పగలు బడి, రాత్రి చిన్న చిన్న స్టేజీల మీద కామెడీ. ముందు రాసుకున్న డైలాగు ఏమీ లేకుండా అప్పటికప్పుడు కల్పించి ఆడే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ఇంప్రావ్ అంటారు. మన ఊళ్ళలో పెళ్ళిలో బావామరదళ్ళు ఒకరి మాట మీద ఒకరు మాట వేసుకుంటూ పోతారు చూడండి, ఎవరూ రాసివ్వరు, ఎవరూ ఆగరు. దగ్గర దగ్గర అదే. అలాంటి రాత్రులు ఆమెవి ఎన్నో గడిచాయి. ఎవరూ పిలిచి పెద్ద వేషం ఇవ్వలేదు.

తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. అక్కడ "ఉమన్ ఆఫ్ సైజ్" అనే పాడ్‌కాస్ట్ నడిపింది. లావుగా ఉన్న ఆడవాళ్ళని లోకం ఎలా చూస్తుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళినా బట్టల కొట్టుకి వెళ్ళినా ఏం వినాల్సి వస్తుంది, ఇవన్నీ నవ్వుతూ మాట్లాడే కార్యక్రమం. దీన్ని మేం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. టీవీలో ఆదివాసీ అమ్మాయి కనపడాలంటే సన్నగా, జింకలాగా, రెండు జడలతో, నది ఒడ్డున నిలబడి ఉండాలి. లావుగా, కళ్ళజోడు పెట్టుకుని, గలగలా మాట్లాడుతూ, ఉద్యోగం గురించి కంగారు పడే ఆదివాసీ అమ్మాయికి తెర మీద చోటు ఉండదు. మన ఊళ్ళో అలాంటి అక్కలు ఎంతమంది లేరు?

ఆమె కంటే ముందు అక్కడి టీవీలో ఆదివాసీలు ఎలా కనపడేవారో చెప్పకపోతే ఆమె చేసింది ఎంత పెద్ద పనో అర్థం కాదు. 1965 నుంచి 1967 వరకు "ఎఫ్ ట్రూప్" అనే కామెడీ సీరియల్ వచ్చింది. అందులో ఒక కల్పిత తెగ, దానికో నాయకుడు. ఆ నాయకుడి వేషం వేసింది ఫ్రాంక్ డి కోవా, ఇటాలియన్ మూలాలున్న నటుడు. 1971లో కాలుష్యం మీద ఒక ప్రకటన వచ్చింది, చెత్త చూసి కన్నీరు కార్చే ఆదివాసీ పెద్దాయన. అమెరికా మొత్తానికి ఆ మొహం గుర్తుండిపోయింది. ఐరన్ ఐస్ కోడీ అని పేరు పెట్టుకున్న ఆ నటుడి తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు. నవ్వించడానికైనా, ఏడ్పించడానికైనా ఆదివాసీ మొహం కావాలి, ఆదివాసీ మనిషి మాత్రం అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే చార్లీ హిల్ అని ఒకాయన వచ్చాడు. 1951లో పుట్టిన ఒనైడా తెగ మనిషి. 1977లో రిచర్డ్ ప్రయర్ షోలో, తర్వాత జానీ కార్సన్ నడిపే టునైట్ షోలో మైకు పట్టుకుని ఒంటరిగా నిలబడి నవ్వించాడు. ప్రయర్ షోలో మొదట ఆయనకి మామూలు ఇండియన్ వేషం చూపిస్తే, అది చేయనన్నాడు, నా జోకులు నేనే చెప్తానన్నాడు. ఒనైడాలు ఒకప్పుడు న్యూయార్క్ ప్రాంతం వాళ్ళు. 1820ల నుంచి వాళ్ళలో చాలామందిని అక్కడి నుంచి కదిలించి విస్కాన్సిన్‌కి చేర్చారు. చార్లీ హిల్ ఆ మొత్తం విషాదాన్ని ప్లాటు రిజిస్ట్రేషన్‌లో వచ్చిన చిన్న చిక్కులాగా ఒక్క వాక్యంలో చెప్పేవాడు. హాలు పగలబడి నవ్వేది. నవ్వాక ఏ నేల మీద కూర్చుని నవ్వామో వాళ్ళకే తట్టేది. ఆయన తర్వాత "రోజాన్" అనే పెద్ద సిట్‌కామ్‌కి రాశాడు, అందులో కనిపించాడు కూడా. 2013 డిసెంబరులో ఒనైడాలోనే చనిపోయాడు. అన్నేళ్ళు పనిచేసినా ఆయన పేరు మీద ఒక సీరియల్ రాలేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మాలో కోయ తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ వార్షికోత్సవానికి ఒక స్కిట్ తయారు చేశారు. పట్నం కుర్రాళ్ళు అడవిలో దారి తప్పుతారు, ఆకులు కట్టుకున్నవాళ్ళు వచ్చి వాళ్ళని స్తంభానికి కట్టేసి చుట్టూ ఎగురుతారు, అర్థంలేని అరుపులు అరుస్తారు. ఈ కథ మీరందరూ వంద సార్లు చూసే ఉంటారు, సినిమాల్లో, టీవీ కామెడీ షోల్లో. నాయకుడి వేషం వీడికి ఇస్తామన్నారు. "నీకైతే మేకప్ కూడా అక్కర్లేదురా" అన్నారు, అదో పెద్ద మెచ్చుకోలు అన్నట్టు. వీడు చేయనన్నాడు. "సరదాకే కదా, ఎందుకంత సీరియస్ అవుతావు" అన్నారు. వేరే అబ్బాయి మొహానికి బొగ్గు పూసుకుని వేశాడు. హాల్లో లెక్చరర్లతో సహా అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏడాదంతా స్కిట్‌లో ఆ నాయకుడికి పెట్టిన పేరుతోనే వీణ్ణి పిలిచారు. వేషం వద్దన్నా పేరు మాత్రం అంటుకుంది.

చార్లీ హిల్ సంగతి చదివినప్పుడు వాడన్న మాట ఇది: "ఆయనకి వేషం వద్దంటే మైకు ఇచ్చారు. నాకు వద్దంటే లాస్ట్ బెంచీ ఇచ్చారు." తేడా అంతా అక్కడే ఉంది. కాదనడానికి ధైర్యం చాలు. కాదన్న తర్వాత మన కథ మనం చెప్పుకునే స్టేజీ ఎవరిస్తారు? జానా కథలో ఆ స్టేజీ ఎలా దొరికిందో చూస్తే కొంత తెలుస్తుంది.

2021 ఏప్రిల్‌లో పీకాక్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో "రదర్‌ఫర్డ్ ఫాల్స్" మొదలైంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ముగ్గురు: నటుడు ఎడ్ హెల్మ్స్, పేరున్న కామెడీ రచయిత మైఖేల్ షుర్, నవాహో తెగకు చెందిన సియెరా టెల్లర్ ఓర్నెలాస్. సియెరా వాళ్ళింట్లో ఆరు తరాలుగా నవాహో నేత నేస్తున్నారు, ఆమెకీ మగ్గం పని వచ్చు. అమెరికాలో ఒక టీవీ కామెడీ మొత్తాన్ని నడిపించే బాధ్యత చేపట్టిన మొదటి ఆదివాసీ మహిళ ఆమె. కథలు రాసే గదిలో పదిమంది రచయితలుంటే ఐదుగురు ఆదివాసీలు. ఆ ఐదుగురిలో జానా ఒకరు. ఆమెని ముందు తీసుకున్నది రాయడానికి. రాస్తూ ఉండగానే ముఖ్య పాత్రకి ఆడిషన్ ఇచ్చింది, ఆ పాత్ర ఆమెకే వచ్చింది. ఏళ్ళ తరబడి టీచరుద్యోగం చేసి, ఖాళీ కుర్చీల ముందు ఆడి, చివరికి దొరికిన మొదటి పెద్ద వేషం అది.

ఐదుగురు అన్న లెక్క దగ్గర మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక్కరే ఉంటే ఏమవుతుందో మనకి తెలుసు. క్లాసులో మనం ఒక్కరమే ఉంటే గిరిజనుల గురించి ఏ ప్రశ్న వచ్చినా అందరి తలలూ మన వైపు తిరుగుతాయి. నక్సలైట్ల గురించి అడుగుతారు, చేతబడి గురించి అడుగుతారు, ఇప్పసారా గురించి అడుగుతారు. ముప్ఫైకి పైగా తెగల తరఫున జవాబు చెప్పాలి మనం. ఒక్క ఆదివాసీ రచయిత ఉన్న గదిలో ఆ మనిషి పని జోకులు రాయడం కాదు, ఇది తప్పు, ఇది పర్వాలేదు అని ముద్ర వేయడం. ఐదుగురుంటే వాళ్ళలో వాళ్ళు కొట్టుకోవచ్చు. ఒకరికి నవ్వొచ్చింది ఇంకొకరికి రాకపోవచ్చు. అప్పుడే నిజమైన మనుషులు కాగితం మీదకి వస్తారు.

కథ చెప్తాం. రదర్‌ఫర్డ్ ఫాల్స్ అనేది కల్పిత ఊరు. పక్కనే మినిషాంకా అనే కల్పిత తెగ రిజర్వేషన్. ఊరు స్థాపించినవాడి విగ్రహం నడిరోడ్డు మీద ఉంటుంది, కార్లు వచ్చి గుద్దుకుంటూ ఉంటాయి. దాన్ని పక్కకి జరుపుతామంటే ఆ వంశం వాడు నేథన్ పెద్ద గొడవ చేస్తాడు. ఆ పాత్ర ఎడ్ హెల్మ్స్‌ది. నేథన్‌కి ప్రాణ స్నేహితురాలు రేగన్ వెల్స్, మినిషాంకా అమ్మాయి. అదే జానా వేషం. నేథన్‌కి వాళ్ళ వంశం గొప్ప చెప్పుకోవడానికి మ్యూజియం ఉంటుంది. రేగన్‌కి తన తెగ కోసం ఒక సాంస్కృతిక కేంద్రం పెట్టాలని కోరిక. ఉన్నదేమిటంటే తెగ నడిపే క్యాసినోలో ఒక మూల చిన్న గది. లోపలికి వచ్చేవాళ్ళు బాత్‌రూమ్ ఎటు అని అడగడానికి వచ్చేంత ఖాళీ గది.

మమ్మల్ని పట్టుకున్నది రేగన్‌కి ఇంకో చిక్కు ఉండటం. ఆమె పెళ్ళి కాదనుకుని పై చదువుకి వెళ్ళిపోయింది. చదువుకుని తిరిగొచ్చింది, తెగ కోసం ఏదో చేద్దామని. తెగ వాళ్ళు మాత్రం పాత సంగతి మర్చిపోరు. కనపడితే ఎత్తిపొడుస్తారు. ఊరి తెల్లవాళ్ళ దగ్గర ఆమె ఇండియన్, సొంతవాళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళిపోయిన మనిషి. ఇది చూస్తూ మా జాతాపు అక్క టక్కున ల్యాప్‌టాప్ ఆపేసింది. ఆమె ఎమ్మెస్సీ చేసింది. సెలవులకి ఊరెళ్తే "వచ్చిందమ్మా కలెక్టరమ్మ" అని వదినలు నవ్వుతారు. నీళ్ళబిందె ఎత్తుకుంటే "నీకెందుకులే, చేతులు కందిపోతాయి" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, దెప్పు ఉంది, కొంచెం దూరం కూడా ఉంది. ఏ తెలుగు సీరియల్లోనూ తన బతుకు కనపడని ఆమెకి పదివేల మైళ్ళ అవతల లకోటా అమ్మాయి మొహంలో కనపడింది. కాసేపాగి తనే మళ్ళీ ఆన్ చేసి, "దీని పెళ్ళి సంగతేమవుద్దో చూద్దాం" అంది.

జానా నటన గురించి చెప్పాలంటే, ఆమె నవ్వించేది గట్టిగా అరిచో, కింద పడో కాదు. ఏదో మాట బయటికి వచ్చేసాక దాన్ని వెనక్కి తీసుకోలేక మొహంలో పడే పాట్లున్నాయే, అక్కడ. నేథన్ ఏదో తెలివితక్కువ మాట అంటాడు. స్నేహితుడు కదా అని నవ్వాలి, తెగ మనిషిగా ఒళ్ళు మండాలి. రెండూ ఒకే క్షణంలో ఆమె కళ్ళలో కనపడతాయి. క్లాస్‌మేటు "నువ్వు అసలు గిరిజనుల్లాగే ఉండవు తెలుసా" అని మంచి మాట అన్నట్టు అన్నప్పుడు మనం పెట్టే మొహం అదే. దానికి పేరు లేదు మన భాషలో, కానీ అందరికీ తెలిసిన మొహం. ఆమె చెవులకి పెట్టుకునే పూసల లోలాకులు కూడా చూడండి. పూసల పని జానాకి స్వయంగా వచ్చు. ఆ సీరియల్లో అవి అలంకారంగా మెరవవు, ఆఫీసుకి పెట్టుకెళ్ళే మామూలు వస్తువుల్లాగే ఉంటాయి. పండగ రోజు కెమెరా కోసం వేసుకునేదాన్ని, బుధవారం పూట సంతకి వేసుకెళ్ళేదాన్ని విడిగా చూడగలిగిన కళ్ళు ఆ గదిలో ఉన్నాయన్నమాట.

ఇంకో పాత్ర కూడా చెప్పాలి. క్యాసినో నడిపే టెర్రీ థామస్. వేసింది మైఖేల్ గ్రేఐస్, కెనడా వైపు క్రీ తెగ నటుడు. టెర్రీకి డబ్బంటే ఇష్టం, సూట్ వేస్తాడు, ఎత్తులు వేస్తాడు. నాలుగో ఎపిసోడ్‌లో ఒక రేడియో విలేకరి వచ్చి, మీ సంస్కృతికీ ఈ వ్యాపారానికీ పొసగదు కదా అన్నట్టు అడుగుతాడు. టెర్రీ రికార్డర్ ఆపేసి జవాబు చెప్తాడు. దాని సారం ఏమిటంటే, మా నుంచి అన్నీ తీసుకున్న ఆట నియమాలు నేర్చుకుని, అదే ఆటలో పోయినవి తిరిగి తెచ్చుకుంటాను, నా వాళ్ళకి బడి, ఆస్పత్రి, భూమి కావాలి అని. మేం నలుగురం దీని మీద రెండు జట్లుగా విడిపోయాం. ఒకరు "గిరిజనుడు పేదగా ఉంటేనే స్వచ్ఛం అనేవాళ్ళకి ఇదే సమాధానం" అన్నారు. ఇంకొకరు "మన ఊళ్ళో రిసార్టు పెట్టినోడూ ఇదే మాట అంటున్నాడు" అన్నారు. తేలలేదు. తేలకపోవడమే నయం అనిపించింది. మనలో మనకే తేడాలుంటాయని ఒక కామెడీ సీరియల్ చూపించింది.

అదే 2021 ఆగస్టులో "రిజర్వేషన్ డాగ్స్" మొదలైంది. స్టెర్లిన్ హార్జో, టైకా వైటీటీ తయారుచేశారు. ఓక్లహోమాలో, అక్కడి నేల మీదే తీశారు. ఇందులో రచయితలు, దర్శకులు, ముఖ్య నటులు అందరూ ఆదివాసీలే. జానా ఇందులో బెవ్ అనే చిన్న పాత్ర వేసింది, ప్రభుత్వ గిరిజన ఆస్పత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చునే మనిషి. అద్దం వెనక కూర్చుని, ఎవరొచ్చినా విసుక్కుని, మధ్యలో కబుర్లు చెప్పి, అవసరమైన చోట కరిగిపోయే మనిషి. రెండో ఎపిసోడ్‌లో పిల్లలు ఆస్పత్రి బయట మాంసం పైలు అమ్ముకుంటూ ఉంటే లోపల ఈవిడ గారి దర్బారు. మన పీహెచ్‌సీల్లో చీటీలు రాసే అక్క గుర్తొచ్చి పడీ పడీ నవ్వాం. "ఆధార్ తెచ్చావా? తేలేదా? మీ అమ్మ బాగుందా? లైన్లో నిలబడు" అని ఒకే ఊపిరిలో అనే అక్క. రెండో సీజన్లో ఆడవాళ్ళు నలుగురు ఆస్పత్రివాళ్ళ సభకి వెళ్ళి, పిల్లలూ ఇళ్ళూ వదిలి ఒక రాత్రి సరదాగా గడిపే ఎపిసోడ్ ఉంది. నడివయసు ఆదివాసీ ఆడవాళ్ళు అలా నవ్వుకోవడం, ప్రేమల గురించి మాట్లాడుకోవడం తెర మీద మేం అంతకుముందు చూడలేదు. మన అత్తలూ చిన్నమ్మలూ కల్లు కింద కూర్చుని ఏం మాట్లాడుకుంటారో చిన్నప్పుడు చాటుగా విన్నవాళ్ళకి మాత్రం అది కొత్త కాదు.

ఇప్పుడు చేదు సంగతి. "రదర్‌ఫర్డ్ ఫాల్స్" రెండు సీజన్లు నడిచింది, మొదటిది పది ఎపిసోడ్లు, రెండోది ఎనిమిది. 2022 సెప్టెంబరులో ఆపేశారు. "రిజర్వేషన్ డాగ్స్" మూడు సీజన్లతో 2023లో ముగిసింది, దాన్ని మాత్రం తయారుచేసినవాళ్ళే తమ కథ అయిపోయిందని ముగించారు. పద్దెనిమిది ఎపిసోడ్లు. ఒక తెలుగు సీరియల్ నాలుగు వారాల్లో అంతకంటే ఎక్కువ తీస్తుంది. పదేళ్ళ టీచరు పని, అన్ని రాత్రుల స్టేజీ, ఆ తర్వాత పద్దెనిమిది ఎపిసోడ్లు. కాబట్టి ఇది "కష్టపడితే గెలుస్తారు" అనే కథ కాదు. తలుపు తెరుచుకుంది, కొంతమంది లోపలికి వెళ్ళారు, తలుపు మీద చెయ్యి మాత్రం ఇంకా వేరేవాళ్ళదే. కానీ లోపలికి వెళ్ళినవాళ్ళు రాసినవి, ఆడినవి ఉండిపోయాయి. వాటినే ఇక్కడ హాస్టల్ గదిలో మేం చూశాం.

మాలో ఒకరికి ఇదంతా నచ్చలేదు, అది కూడా రాయాలి. మా రెండో జాతాపు మిత్రుడు బీఎడ్ చేశాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 సంవత్సరపు జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. వాడి ఉద్యోగం ఆశ దాంతోనే పోయింది. వాడన్నాడు: "ఉద్యోగాల్లేవు, పట్టాల్లేవు, ముంపు పరిహారం రాలేదు. మనకి సిట్‌కామ్ ఏం తక్కువైంది?" తప్పు మాట కాదు. మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

కొన్నాళ్ళ తర్వాత మాకు తోచింది ఇది. కోర్టులో, కలెక్టరాఫీసులో, కాలేజీలో మన గురించి నిర్ణయం తీసుకునే మనిషి చిన్నప్పటి నుంచి మనల్ని ఎక్కడ చూశాడు? ఆ స్కిట్‌లోనే కదా. ఆకులు కట్టుకుని, మాట రాక అరిచేవాళ్ళుగా. లేదంటే జెండా పండగనాడు థింసా ఆడి, దండం పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళుగా. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మనకి గర్వమే. అయితే ఆ పెద్దలు ఇంటి దగ్గర మనవళ్ళతో ఏం జోకులేసుకునేవారో బయటి లోకానికి తెలీదు. ఆడతారు, పాడతారు అని తెలుసు. ఆలోచిస్తారు, వెక్కిరిస్తారు, ఆఫీసరు నడక అనుకరించి ఊరంతటినీ నవ్విస్తారు అని తెలీదు. మనల్ని చూసి నవ్వడం అలవాటైన మనిషికి మన నవ్వు వినపడదు. వినపడనివాడి ముందు మన అర్జీ కూడా అరుపులాగే ఉంటుంది.

ఇది చెప్తే మా బీఎడ్ మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే, ముందు ఉద్యోగం రానీండి, తర్వాత నేనే రాస్తా ఓ సీరియల్, పేరు జీవో మూడు" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వాక వాడే కాసేపు ఆలోచించి, మొదటి ఎపిసోడ్‌లో ఏముండాలో చెప్పడం మొదలుపెట్టాడు. బడికి కొత్త టీచరు పట్నం నుంచి వస్తాడంట. పిల్లలు కువి భాషలో ఆయనకి పేరు పెడతారంట. ఆ పేరుకి అర్థం తెలుసుకోవడానికి ఆయన ఏడాదంతా తిరుగుతాడంట, ఊళ్ళో ఒక్కరూ చెప్పరంట. అర్ధరాత్రి దాకా సాగింది ఆ కథ. పక్క గది వాళ్ళు తలుపు కొట్టి తిట్టి వెళ్ళారు.

ఇప్పటికే యూట్యూబ్‌లో మనోళ్ళు చాలామంది మొదలుపెట్టారు. బంజారా భాషలో చిన్న కామెడీలు వస్తున్నాయి, గోండి, కోయ పాటలు వస్తున్నాయి. ఫోనే కెమెరా. వాటిల్లో కొన్ని బాగుంటాయి, కొన్నిట్లో మళ్ళీ సినిమావాళ్ళ ఆకుల వేషాన్నే మనం మనకి వేసుకుంటున్నాం, వ్యూస్ వస్తాయని. అక్కడ కాస్త జాగ్రత్త కావాలి. సియెరా, జానా వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది మాకు రెండు విషయాలు కనపడ్డాయి. ఒకటి, ఒంటరిగా రాయొద్దు, ఐదుగురు కూర్చోండి, అందులో కనీసం ఇద్దరు మీతో ఒప్పుకోనివాళ్ళు ఉండాలి. రెండు, పండగని కాకుండా మామూలు రోజుని రాయండి. రేషన్ లైను, హాస్టల్ సాంబారు, సెలవులకి ఊరెళ్ళే ఆఖరి బస్సు, నెట్‌వర్క్ కోసం గుట్టెక్కి ఆన్‌లైన్ ఫారం నింపే అన్న, కులధ్రువీకరణ పత్రం కోసం మూడోసారి వెళ్తే "ఫొటోలో నవ్వావేంటి" అని తిప్పి పంపే గుమస్తా.

మేం నలుగురం అనుకున్నది చెప్పి ముగిస్తాం. వచ్చే కొత్తల పండగకి ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుని, ఆమె గానీ ఆయన గానీ నవ్వించే మాటలు, వెక్కిరింతలు, ఆఫీసర్లకి పెట్టిన మారుపేర్లు, ఉన్నవి ఉన్నట్టుగా మన భాషలోనే రాసుకొస్తాం. తెలుగు అర్థం పక్కన రాస్తాం. మా కోయ తమ్ముడు వాళ్ళ అవ్వ దగ్గర మొదలుపెడతానన్నాడు, ఆవిడ ఫారెస్టు గార్డుకి పెట్టిన పేరు ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో నడుస్తోందంట. మీ ఊళ్ళో కూడా అలాంటి పేర్లుంటాయి. బతికుండగానే అడిగి రాసుకోండి. తర్వాత కలుద్దాం, చదువుకుందాం, ఎవరిది ఎక్కువ నవ్వొచ్చిందో కొట్టుకుందాం.

జోహార్.